పాత కారు కొంటున్నారా? ఎక్కడ చూడాలంటే..

తొలిసారి కారు కొనాలనుకునే మధ్యతరగతి కుటుంబాల్లో అనేకులు పాత కారుతోనే మొదలుపెడుతుంటారు. కొత్తదానితో పోలిస్తే సొమ్ము ఆదా అవుతుంది. డ్రైవింగ్ చేయి తిరిగేలోపు గీత పడినా బాధ తక్కువే. అయితే పైమెరుగులు చూసి తొందరపడితే ఆదా అయిన సొమ్ము షెడ్డు పాలు కాక తప్పదు. కాగితాలు సరిగా లేకపోతే కోర్టు మెట్లెక్కవలసి వస్తుంది.

ఎక్కడ దొరుకుతాయి?

బంధువులు, సహోద్యోగులు అమ్మే కారైతే దాని పుట్టుపూర్వోత్తరాలు తెలుస్తాయి. తయారీ సంస్థలకు చెందిన ట్రూవేల్యూ వంటి విక్రయ కేంద్రాల్లో ధర కాస్త ఎక్కువైనా, తనిఖీ చేసి వారంటీతో ఇచ్చే వాహనాలు లభిస్తాయి. ఓఎల్‌ఎక్స్ వంటి వెబ్‌సైట్లలో యజమానులతో పాటు మధ్యవర్తులూ ప్రకటనలు ఇస్తుంటారు. ఆర్సీలోని పేరు, అమ్మేవ్యక్తి గుర్తింపు కార్డులోని పేరు ఒకటో కాదో ముందే చూసుకోవాలి. బ్యాంకుల వేలంలో కార్లు చవకే అయినా, ఉన్నది ఉన్నట్లుగా తీసుకోవలసి ఉంటుంది. తర్వాత లోపం బయటపడితే అడిగే వీలుండదు.

పాత వాహనాల వ్యాపారులు రవాణా శాఖ వద్ద అధీకృత ధ్రువపత్రం పొందాలన్న నిబంధనలు 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. ఆ పత్రం చూపమని అడగడం కొనుగోలుదారు హక్కు.

కారులో చూడవలసినవి

ఉదయంపూట, ఇంజిను చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేయించాలి. నీలిరంగు పొగ వస్తే ఇంజిను ఆయిల్ మండుతోందని, వేడెక్కిన తర్వాత కూడా దట్టమైన తెల్లపొగ ఆగకపోతే కూలెంట్ లోపలికి చేరుతోందని అనుమానించాలి. బానెట్, తలుపుల బోల్టులపై పానా గుర్తులుంటే అవి ఒకసారి ఊడదీసినవే. తలుపు అంచు రబ్బరు బీడింగ్ లాగి చూస్తే టింకరింగ్ జరిగిందీ లేనిదీ తెలుస్తుంది.

టైరు పక్కభాగంలో నాలుగంకెల సంఖ్య ఉంటుంది. ఉదాహరణకు 2321 అంటే 2021వ సంవత్సరం 23వ వారంలో తయారైనదని అర్థం. మీటరులో 30 వేల కిలోమీటర్లే చూపుతూ టైర్లు ఒకసారి మార్చి ఉంటే, పెడళ్ల రబ్బరు అరిగి ఉంటే ఆ అంకెను నమ్మరాదు. అధీకృత సర్వీసు కేంద్రంలో ప్రతి సర్వీసుకూ కిలోమీటర్లు నమోదు చేస్తారు. ఆ వివరాలతో సరిపోల్చుకోవడం ఉత్తమం.

2024 సెప్టెంబరులో బుడమేరు వరద కారణంగా విజయవాడలో వేలాది వాహనాలు నీట మునిగాయి. ఇలాంటి కార్లు మరమ్మతు చేసుకుని మరో ఊళ్లో అమ్మకానికి రావచ్చు. సీటుబెల్టు పూర్తిగా లాగితే లోపలి భాగంలో బురద మరక కనిపిస్తుంది. సీటు కింది పట్టాలకు తుప్పు, కార్పెట్ కింద ముక్కవాసన కూడా ఆనవాళ్లే. నమ్మకమైన మెకానిక్‌ను వెంట తీసుకెళితే అతనికిచ్చే కూలి వృథా కాదు.

కాగితాల్లో చూడవలసినవి

ఆర్సీలోని ఛాసిస్, ఇంజిను నంబర్లను వాహనంపై ఉన్నవాటితో అంకె అంకె సరిచూడాలి. ఫైనాన్స్ నమోదై ఉంటే అప్పు తీరినట్లు రుణసంస్థ ఇచ్చే పత్రం, ఫారం 35 లేకుండా పూర్తి సొమ్ము చెల్లించరాదు. చలానాల బకాయిలను ఆన్‌లైన్‌లో చూసుకోవచ్చు. సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లే చెల్లుతుంది. ఆపైన ఐదేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి.

నంబరులో ‘ఏపీ’ ఉన్నంత మాత్రాన ఆ కారు ఆంధ్రప్రదేశ్‌దే కానక్కరలేదు. ఏపీ 09 వంటి నంబర్లు 2014 విభజనకు ముందు హైదరాబాద్‌లో ఇచ్చినవి. పొరుగు రాష్ట్రం కారైతే ఫారం 28పై నిరభ్యంతర పత్రం కావాలి. ఇక్కడి జీవితకాల పన్ను చెల్లించవలసి ఉంటుంది. ఢిల్లీలో పదేళ్లు దాటిన డీజిల్ కార్లపై ఆంక్షలు రావడంతో అక్కడి వాహనాలు చవకగా దొరుకుతాయి. ఈ ఖర్చులన్నీ కలిపితే ఆ చవక ఎంత మిగులుతుందో లెక్కవేసుకోవాలి.

పేరు మారితేనే సొంతం

ఫారం 29, 30లపై ఇరువురూ సంతకాలు చేయాలి. ఒకే రాష్ట్రంలో అమ్మకమైతే అమ్మినవారు 14 రోజుల్లో, కొన్నవారు 30 రోజుల్లో రవాణా కార్యాలయానికి తెలపాలని మోటారు వాహనాల చట్టం చెబుతోంది. బీమాను తన పేరుకు మార్చమని కొన్నవారు 14 రోజుల్లో దరఖాస్తు చేయాలి. నో క్లెయిం బోనస్ మాత్రం పాత యజమానిదే.

ఈ పని అమ్మినవారికీ ముఖ్యమే. ఒక కారు పలువురి చేతులు మారినా ఆర్సీ తొలి యజమాని పేరుతోనే ఉండిపోయిన కేసులో, ప్రమాద పరిహారానికి ఆయనే బాధ్యుడని 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తేల్చింది. అందుకే తాళం చేతులు మారిన తేదీ, సమయంతో రసీదు రాసుకుని, పేరు మార్పిడి పూర్తయ్యేవరకు కొంత సొమ్ము నిలిపి ఉంచుకోవడం కొనేవారికి క్షేమం. మార్పిడి నమోదైందో లేదో ఆన్‌లైన్‌లో స్వయంగా చూసుకోవడం అమ్మేవారికి క్షేమం.