గుర్రపు మేతకు భూమి: విజయనగర అమరం నుంచి బీరారు కౌలు వరకు – ఒక పరిశీలన

ప్రవేశిక

హంపిని చూడవచ్చిన వారికి ఏనుగుల సాల అని చూపించే కట్టడం ఒకటి ఉంది. పదకొండు గుమ్మటాలతో అది ఇప్పటికీ నిలిచే ఉంది. హజారరామాలయ ప్రాకారం మీద గుర్రాలు వరుసలుగా నడిచివస్తున్న శిల్పాలూ ఉన్నాయి. అయితే ఆ గుర్రాలను కట్టివేసిన సాలలలో ఏనుగుల సాలంత ఘనమైన కట్టడం ఏదీ మిగలలేదు. కాలం చేసిన విధ్వంసం దీనికి ఒక కారణం కావచ్చు. మరొక కారణాన్ని రాజ్యవ్యవస్థలోనే వెతకవలసి ఉంటుంది. విజయనగర సైన్యంలోని గుర్రాలలో అధికభాగం రాజు సాలలో ఉండేవి కావు. అవి రాజ్యమంతటా నాయకుల సీమలలో, వారి ఖర్చు మీద, వారికి అనుభవానికి ఇచ్చిన భూముల ఆదాయం మీద బతికేవి.

తెలుగు సాహిత్యంలో గుర్రం వర్ణన విస్తారంగా లభిస్తుంది. మనుమంచిభట్టు హయలక్షణ విలాసం వంటి శాస్త్రగ్రంథం కూడా తెలుగులో వెలసింది. సుడులు, వన్నెలు, నడకలు, శుభాశుభ లక్షణాలు కవులకు కొట్టినపిండి. ఆ గుర్రానికి పూటపూటా ఉలవలు ఎవరు పెట్టారు, గడ్డి ఎవరు కోసి తెచ్చారు, అది చస్తే నష్టం ఎవరు భరించారు అన్న ప్రశ్నలు మాత్రం కావ్యవస్తువులు కాలేదు. సామెత ఒక్కటే ఆ సంగతిని గుర్తుపెట్టుకొన్నది: గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదు. ఈ వ్యాసం ఆ దాణా లెక్కను పరిశీలిస్తుంది. భూమిని ఇచ్చి గుర్రాన్ని పోషింపజేసుకొనే పద్ధతి దక్కనులో ఎన్ని రూపాలు ధరించిందో చూపడం దీని ఉద్దేశం.

ఓడ దిగిన గుర్రం

దక్షిణాదికి మేలుజాతి గుర్రం సముద్రం మీద రావలసిందే. 13వ శతాబ్ది చివర ఈ తీరాలను చూసిన మార్కోపోలో, మాబారు రాజులు ఒక్కొక్కరు ఏటా 2,000కు పైగా గుర్రాలను కొంటారనీ, ఏడాది తిరిగేసరికి వాటిలో నూరు కూడా మిగలవనీ రాశాడు. వండిన అన్నం, మాంసం మేతగా పెట్టడం, గుర్రపు వైద్యం తెలిసినవారు లేకపోవడం అతడు చెప్పిన కారణాలు. అంకెలలో అతిశయోక్తి ఉండవచ్చు. కానీ కొన్న గుర్రాన్ని బతికించుకోవడం కొనడం కంటె కష్టమన్న మాట మాత్రం తరువాతి ఆధారాలకు సరిపోతున్నది.

కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యద నాలుగవ ఆశ్వాసంలోని రాజనీతి భాగంలో ఈ వర్తకం గురించి సూటిగా మాట్లాడాడు. ఏనుగులను, మేలైన గుర్రాలను తెచ్చే దూరదేశపు వర్తకులకు ఊళ్లు, నగరంలో మంచి నివాసాలు, కొలువులో దర్శనం, తగిన లాభం కల్పించి వారిని తనవారిని చేసుకోవాలని, అలా చేస్తే ఆ సరుకు శత్రువులకు చేరదని ఆయన ఆంతర్యం. ఇక్కడ గమనించవలసినది ఊళ్లు ఇవ్వడం. గుర్రాన్ని అమ్మేవానికి కూడా ధనంతోపాటు భూమి ముట్టాలన్నది రాజనీతి. ఈ పద్యాన్ని విదేశీ వాణిజ్యానికి దృష్టాంతంగా ఉదాహరించడం పరిపాటి. భూవినియోగానికి సాక్ష్యంగా చదివినప్పుడు దాని విలువ ఇంకా పెరుగుతుంది.

అమరం: నూనిజ్ లెక్కలు

గుర్రాల వర్తకుడిగా ప్రసిద్ధుడైన పోర్చుగీసు రచయిత ఫెర్నావో నూనిజ్ అచ్యుతదేవరాయల కాలంలో విజయనగరంలో ఉన్నాడు. అతని వృత్తాంతాన్ని రాబర్ట్ సూయెల్ 1900లో ఆంగ్లంలోకి తెచ్చాడు. గుర్రాల విషయంలో నూనిజ్ మాట మిగిలిన యాత్రికుల మాట కంటె నమ్మదగింది. అది అతని వృత్తి.

సాళువ నరసింహుడు హోర్ముజు గుర్రాలను బతికినవైనా చచ్చినవైనా 1,000 పర్దావులకు మూడు చొప్పున కొనేవాడనీ, సముద్రం మీద చచ్చినవాటికి తోక తెచ్చి చూపినా ధర చెల్లించేవాడనీ నూనిజ్ రాశాడు. ఓడలో జరిగే నష్టాన్ని నాడు రాజే భరించాడన్నమాట. తరువాతి కాలానికి వచ్చేసరికి లెక్క మారింది. రాజు ఏటా హోర్ముజు గుర్రాలు, దేశవాళీ గుర్రాలు కలిపి 13,000 కొంటాడు. మేలైనవాటిని తన సాలకు ఏరుకొంటాడు. మిగిలిన దేశవాళీ గుర్రాలను 1,000 పర్దావులకు అయిదు చొప్పున నాయకులకు అంటగడతాడు. ఆ సొమ్ము సెప్టెంబరు నెలలో చెల్లాలి. దానితోనే పోర్చుగీసు వారికి ఇవ్వవలసిన బాకీ తీరుతుంది. ఖజానా నుంచి చిల్లిగవ్వ బయటికి పోదు.

దేశవాళీ గుర్రాలను రాజు 1,000 పర్దావులకు పన్నెండు నుంచి పదిహేను వరకు కొంటాడని నూనిజే మరొకచోట చెప్పాడు. ఈ రెండు వాక్యాలను పక్కపక్కన పెట్టి చూడాలి. గుర్రం ఒక్కింటికి రాజు ఇచ్చినది సుమారు 67 నుంచి 83 పర్దావులు. నాయకుని వద్ద పుచ్చుకొన్నది 200. అంటే నాయకుడు ఒక గుర్రం కొన్నప్పుడల్లా దాని అసలు ధరకు రెండింతలకు పైగా చెల్లించి, రాజు ఎంచుకొన్న అరబ్బీ గుర్రానికి కూడా తన వంతు వేస్తున్నాడు. దీనిని క్రయవిక్రయం అనడం కంటె పన్ను అనడమే సమంజసం.

ఇక పోషణ. నూనిజ్ ఇచ్చిన నాయకుల పట్టికలో కృష్ణదేవరాయల కాలంలో మంత్రిగా ఉన్న ఒక నాయకుని ఆదాయం 8,00,000 పర్దావులు. ఉదయగిరి, కొండవీడు, పెనుకొండ, సిద్ధవటం అతని కింద ఉన్నవి. అందుకు బదులుగా 25,000 కాల్బలాన్ని, 1,500 గుర్రాలను, 40 ఏనుగులను సిద్ధంగా ఉంచాలి. పైగా రాజుకు ఏటా 3,00,000 పర్దావులు కట్టాలి. మిగిలేది 5,00,000. గుర్రం 200 పర్దావుల చొప్పున ఆ 1,500 గుర్రాల దండును ఒక్కసారి కొత్తగా నింపాలంటే 3,00,000 కావాలి. అది రాజుకు కట్టే పైకంతో సమానం. మూడేళ్లకొకసారి దండు మారుతుందని ఉదారంగా అనుకొన్నా ఏడాదికి 1,00,000 పర్దావులు గుర్రాల కొనుగోలుకే పోతాయి. మేత, సాలలు, సాహిణులు, రావుతుల జీతాలు ఇంకా ఈ లెక్కలోకి రాలేదు.

రాజు తన సొంత గుర్రాల విషయంలో ఎంత జాగ్రత్తపరుడో కూడా నూనిజ్ వల్లనే తెలుస్తున్నది. రాజనగరులో 1,600 మంది గుర్రపు సేవకులు ఉండేవారు. 6,000 మంది ఆశ్వికులకు రాజు ఉచితంగా గుర్రాలిచ్చి నెలనెలా గ్రాసం ఇప్పించేవాడు. వాటికి రాజముద్ర వేసి ఉండేది. గుర్రం చస్తే ముద్ర ఉన్న చర్మం ముక్కను కోసి అశ్వశాలాధిపతికి చూపితేనే మరొక గుర్రం దొరికేది. అదే నియమం నాయకుల గుర్రాలకు వర్తించినట్లు అతడు చెప్పలేదు. వర్తించవలసిన అవసరమూ లేదు. అక్కడ చచ్చిన గుర్రం నాయకుని నష్టం.

ఆ నష్టం నాయకుని వద్దనే ఆగిందా అన్నది అసలు ప్రశ్న. భూమి అంతా రాజుది, నాయకులు అతని చేతి నుంచి పొందుతారు, వారు దానిని సేద్యగాండ్రకు ఇచ్చి పంటలో పదింట తొమ్మిది పాళ్లు తీసుకొంటారు అని నూనిజ్ రాశాడు. తొమ్మిది పాళ్ల మాటను అక్షరాలా నమ్మడం కష్టం. పదో పాలుతో ఏ రైతూ మరుసటి ఏడు విత్తనం వేయలేడు. అయినా ఆ వాక్యంలోని క్రమం కాదనరానిది. రాజు వద్ద నాయకుడు కౌలుదారు, నాయకుని వద్ద రైతు కౌలుదారు. గుర్రాల బాకీ, నాయకులు రాజుకు చెల్లించే వార్షిక పైకం రెండూ మహానవమి వచ్చే సెప్టెంబరులోనే గడువు పడడం కూడా యాదృచ్ఛికం అనిపించదు. ఉత్సవంలో ఆ గుర్రాలే అలంకారాలతో రాజు ముందు నడిచేవి.

పాయగా

సాలకు, భూమికి ఉన్న ఈ బంధం హైదరాబాదు రాజ్యంలో ఒక వంశనామంగానే స్థిరపడింది. పాయగా అనే పారసీ పదానికి గుర్రపుసాల అన్నది ఒక అర్థం. నిజాము సొంత ఆశ్వికదళాన్ని పోషించే బాధ్యతతో జాగీర్లు పొందిన షమ్సుల్ ఉమరా కుటుంబం పాయగా కుటుంబంగా పేరుపొందింది. తరువాత ఆ వంశం ఆస్మాన్ జాహీ, ఖుర్షీద్ జాహీ, వికారుల్ ఉమ్రాహీ అని మూడు శాఖలైంది. వికారాబాదు పేరు ఈ చివరి శాఖకు చెందినది. గుర్రాల అవసరం తగ్గుతూ వచ్చినా జాగీర్లు తగ్గలేదు. 1949లో జాగీర్ల రద్దు వరకు అవి కొనసాగాయి. మరాఠీలో ఇదే పదం పాగా అయింది. తెలుగులో ఒకచోట తిష్ఠవేయడాన్ని పాగా వేయడం అంటారు. తలపాగా కూడా ఉన్నందున వ్యుత్పత్తి విషయంలో తొందర తగదు గాని, గుర్రాలను కట్టివేసిన చోటే దండు విడిది అన్న భావం ఆ నుడికి బాగా అతుకుతుంది.

సిలాదారు, బర్గీరు

మరాఠా, హైదరాబాదు సైన్యాలలో ఆశ్వికులు రెండు తెగలు. సర్కారు గుర్రం ఎక్కి జీతానికి పనిచేసేవాడు బర్గీరు. సొంత గుర్రంతో, సొంత ఆయుధాలతో కొలువుకు వచ్చేవాడు సిలాదారు. స్తోమతు ఉన్న సిలాదారు నాలుగైదు గుర్రాలు కొని, వాటి మీద బర్గీరులను ఎక్కించి, వారి పేర వచ్చే జీతంలో వారి కూలి పోను మిగిలినది తాను తీసుకొనేవాడు. మరోమాటలో, గుర్రం అద్దెకు పోయేది.

ఆంగ్ల అధికారుల కింద నడిచిన హైదరాబాదు కంటింజెంటు ఆశ్వికదళం ఈ సిలాదారీ పద్ధతి మీదనే ఏర్పడింది. దళంలో చేరేవాడు గుర్రానికి, సామగ్రికి ముందుగా సొమ్ము కట్టాలి. ఆ స్థానానికి అసామీ అని పేరు. దానిని అమ్ముకోవచ్చు, కొనుక్కోవచ్చు. జీతం కాస్త హెచ్చు. మేత, మందు, సాల అన్నీ అందులోనే. సాధారణంగా ఇద్దరు సవార్లకు కలిపి ఒక తట్టువు, ఒక గడ్డికోతవాడు. ఆ గడ్డికోతవాడు తెల్లవారుతూనే బీళ్ల వెంట, చెరువుగట్ల వెంట తిరిగి గడ్డి కోసి తట్టువు మీద వేసుకొని తిరిగివచ్చేవాడు. దళాల చరిత్రలలో రిసాల్దార్ల పేర్లు దొరుకుతాయి, ఆ గడ్డికోతవారి పేర్లు దొరకవు. బొల్లారంలో రిసాలా బజారు, సికింద్రాబాదులో ఘాస్ మండీ అన్న పేర్లు మాత్రం ఆ జీవనాన్ని నేటికీ మోస్తున్నాయి.

ఈ పద్ధతిలోని లోపం యుద్ధంలో బయటపడేది. గుర్రం చస్తే సిలాదారు జీవనాధారమే పోతుంది. కనుక సొంత గుర్రాన్ని ఆపదలోకి తోలడానికి అతడు వెనుకాడతాడన్న విమర్శ మరాఠా సైన్యాల కాలం నుంచీ ఉంది. పిరికితనంగా చూసిన ఈ ప్రవర్తనను అప్పుల పాలైన ఆస్తిపరుని జాగ్రత్తగా చూడడం న్యాయం. చివరకు మొదటి ప్రపంచయుద్ధం ఈ పద్ధతిని నిలవనీయలేదు. దూరదేశంలో వందలుగా చచ్చే గుర్రాలకు బదులు కొత్తవి కొనడం సవారు తరం కాలేదు.

దత్త మండలాలు, బీరారు

అమరం సూత్రం రాజు, నాయకుల మధ్య నుంచి రెండు ప్రభుత్వాల మధ్యకు చేరిన ఘట్టం 1800 అక్టోబరు 12 నాటి సంధి. దాని ప్రకారం నిజాము రాజ్యంలో ఉండే ఈస్టిండియా కంపెనీ సైన్యం 8,000 కాల్బలానికి, 1,000 గుర్రాలకు పెరిగింది. ఆ ఖర్చు కింద నిజాము 1792, 1799 సంధుల వల్ల తనకు వచ్చిన మైసూరు ప్రాంతాలను కంపెనీకి ఇచ్చివేశాడు. అవే దత్త మండలాలు. నూనిజ్ పట్టికలో 1,500 గుర్రాలను మేపిన నాయకుని సీమలో భాగాలైన పెనుకొండ, సిద్ధవటం ఈ దత్త మండలాలలో ఉన్నవి. రెండున్నర శతాబ్దాల తరువాత అదే నేల మరొక ప్రభువు గుర్రాలకు లెక్క కట్టింది. దత్త మండలాల చరిత్రను మన్రో రైత్వారీ పద్ధతితో మొదలుపెట్టడం అలవాటైంది. ఆ భూమి చేతులు మారినది ఏ ఖర్చు కింద అన్నది మొదటి పుటలో ఉండవలసిన సంగతి.

అదే సంధిలో యుద్ధకాలంలో నిజాము తన సొంత బలంలో 9,000 గుర్రాలను పంపాలన్న నియమం ఉంది. ఆ గుర్రాలు ఆంగ్లాధికారులకు నచ్చేలా ఉండాలన్న ఒత్తిడి నుంచే కంటింజెంటు పుట్టింది. దాని జీతాలకు నిజాము ప్రభుత్వం పామర్ కంపెనీ వద్ద అధిక వడ్డీలకు అప్పులు చేసింది, తరువాత ఈస్టిండియా కంపెనీకే బాకీపడింది. 1853లో డల్హౌసీ కాలపు సంధి 5,000 కాల్బలం, 2,000 ఆశ్వికులు, నాలుగు ఫిరంగి దళాలు గల కంటింజెంటు పోషణ కింద బీరారును, రాయచూరు అంతర్వేదిని, ధారాశివాన్ని కంపెనీ పాలనలోకి తెచ్చింది. 1860లో చివరి రెండూ తిరిగివచ్చాయి, బీరారు రాలేదు.

కౌలు అన్న మాటకు అరబ్బీలో మూలార్థం మాట, వాగ్దానం. 1902లో కర్జన్, మహబూబ్ అలీఖాన్‌ల మధ్య కుదిరిన ఒప్పందంతో బీరారు ఏటికి 25,00,000 రూపాయల పైకం మీద ఆంగ్ల ప్రభుత్వానికి శాశ్వత కౌలుకు వెళ్లింది. మరుసటి ఏడాది, 1903లో, కంటింజెంటు విడిదళంగా లేకుండాపోయింది. దాని ఆశ్విక పటాలాలు 20వ దక్కన్ హార్స్, 29వ లాన్సర్లు, 30వ లాన్సర్లు అన్న కొత్త సంఖ్యలతో భారతసైన్యంలో కలిశాయి. ఏ దండు మేత కోసం బీరారును అడిగి తీసుకొన్నారో ఆ దండు హైదరాబాదు పద్దుల నుంచి తొలగిపోయింది. బీరారు రైతు కట్టే శిస్తు మాత్రం అంతకుముందు వెళ్లిన ఖజానాకే వెళ్తూ వచ్చింది.