పిడికెడు బియ్యము



మన మియాపూర్‌లో జీతం రాగానే ఇంటి లోను వాయిదా, పిల్లల ఫీజు కట్టేస్తాము. "ప్రభువా, మిగిలితే ఇస్తాను" అంటాము. ఏమీ మిగలదు! నేనూ అలా అన్నవాడినే.

1912లో వి.ఎస్. అజరయ్య గారు డోర్నకల్ బిషప్పుగా అభిషేకము పొందారు. ఆంగ్లికన్ సంఘములో మొదటి భారతీయ బిషప్పు ఆయనే. ఆయన సంఘస్థులలో అనేకులు దళిత కూలీలు. బీదలని వారిని అజరయ్య గారు విడిచిపెట్టలేదు. ఇచ్చుట వారికీ ధన్యతేనని బోధించారు. తల్లులు వంటకు కొలిచిన బియ్యములోనుండి ఒక పిడికెడు ముందే తీసి దేవునికని దాచేవారు. దానిని కానుకగా మందిరానికి తెచ్చేవారు. ఎసట్లో పోయకముందే దేవుని భాగము పక్కన ఉండేది!

ఇది మన శక్తివలన అవుతుందా? 2 కొరింథీ 8వ అధ్యాయము చదవండి. మాసిదోనియ సంఘాలు నిరుపేదవి. అయినా శక్తికి మించి ఇచ్చాయి. పౌలు మొదట చెప్పినది వారి మంచితనము గురించి కాదు, దేవుడు వారికిచ్చిన కృపను గురించి. వారు మొదట తమ్మును తామే ప్రభువునకు అప్పగించుకొన్నారు.

ప్రియులారా, ఇచ్చే మనస్సు కూడా దేవుడిచ్చేదే. ఈ నెల జీతం రాకముందే మోకరించి ఆయనను అడగండి: "ప్రభువా, నా పిడికిలి విప్పుము." ఆమేన్.