ఎట్టయాపురం ప్రాంత తెలుగు విద్యార్థులకు చరిత్ర ఎం.ఏ.

ఎట్టయాపురం, కోవిల్‌పట్టి, విరుదునగర్ వైపు మన పిల్లలు చరిత్రలో ఎం.ఏ. చేయడానికి దూరం వెళ్లనక్కరలేదు. ఆ చదువుకు కావలసిన చరిత్ర కూడా మన ఊళ్లలోనే ఉంది.

ఎక్కడ చదవాలి: తూత్తుకుడి జిల్లావారికి తిరునెల్వేలిలోని మనోన్మణీయం సుందరనార్ విశ్వవిద్యాలయం, విరుదునగర్ జిల్లావారికి మదురై కామరాజ్ విశ్వవిద్యాలయం దగ్గర. కోర్సు రెండేళ్లు, నాలుగు సెమిస్టర్లు. ఉద్యోగం చేసేవారికి ఇగ్నో దూరవిద్య ఉంది. అందులో ఏ డిగ్రీ ఉన్నా చేరవచ్చు.

ఏ అంశం తీసుకోవాలి: ఎట్టయాపురం జమీందారులు తెలుగు నాయకులే. 1799లో కయత్తారులో ఉరితీయబడిన కట్టబొమ్మనదీ తెలుగు ఇల్లే. ఆ పోరులో ఎట్టయాపురం కంపెనీ పక్షాన నిలిచింది. ఎందుకన్నది మంచి పరిశోధనాంశం. ముత్తుస్వామి దీక్షితులు 1835లో ఇక్కడే కన్నుమూశారు. సుబ్బరామ దీక్షితుల ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ 1904లో ఇక్కడే తెలుగు లిపిలో అచ్చయింది.

ఆధారాలు ఎక్కడ: కంపెనీ కాలపు ఇంగ్లీషు రికార్డులు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. తెలుగు రాతప్రతులకు చెన్నై ప్రాచ్య లిఖిత గ్రంథాలయం, తంజావూరు సరస్వతీ మహల్ చూడాలి.

లిపి సంగతి: 2006 చట్టంతో బడుల్లో తరగతి వెంట తరగతిగా తమిళం తప్పనిసరి అయింది. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ చదవలేని పిల్లలు మనలో ఎందరో. లిపి రాకపోతే ఈ ప్రతులు మనవాళ్లకే అందవు. అందుకే ఎం.ఏ.లో చేరేలోపే, ఇంట్లో చదవగలిగిన పెద్దలుంటే వారి దగ్గర, అక్షరాలు నేర్చుకోవాలని మా సూచన.