మన ఇంటి మాటల్లో మిగిలిన విల్లు



పోయిన వారం మనవడు ఆటల క్లాసు నుంచి ఫైబర్ విల్లు తెచ్చి, "తాతా, అంబును మన తెలుగులో ఏమంటారు?" అని అడిగినాడు. "అమ్ము" అన్నాను. అమ్ములపొది, అల్లెతాడు, ఎక్కుపెట్టడం, మాటలన్నీ నోట ఉండాయి. "అయితే కర్రతో ఒకటి చేసియ్యి" అంటే మాత్రం చేయి ఆడలేదు.

1529 ప్రాంతంలో మదురైలో విశ్వనాథ నాయకుని ఏలుబడి మొదలైంది. దళవాయి అరియనాథ ముదలియారుతో కలిసి నాడును 72 పాళెయాలుగా పంచినాడు. మన తేని వైపు బోడినాయకనూరు, గండమనాయకనూరు అట్లాంటివే. పాళెగాడు పన్ను కడితే చాలదు, పిలిచినప్పుడు బలగంతో పోవాల.

విల్లుకు పేరుబడ్డ చెట్టు మన పడమటి కొండల్లోనే ఉంది. తెలుగులో చరచి, తమిళంలో సడచ్చి, సంస్కృతంలో ధనుర్వృక్షం. వంచితే విరగదు, వదిలితే నిటారుగా నిలుస్తుంది. ముడి లేని కర్రను నీడన నెలల తరబడి ఆరబెట్టాలి. బెరడు వైపు నార తెగకూడదు, ఆ ముఖం గురి వైపు ఉండాలి. చెక్కుడంతా లోపలి వైపే. నడుమ మందం, కొసలకు పోనుపోను సన్నం. కొంచెం చెక్కి, కొంచెం వంచి, రెండు పక్కలూ సమంగా వంగుతున్నాయా చూడాలి. ఒకచోట ఎక్కువ వంగితే అక్కడే విరుగుతుంది. పని అయ్యాక అల్లెతాడు దించకపోతే కర్ర ఆ వంపుకే అలవాటుపడి బలం పోతుంది.

విల్లును ముందు పక్కకు నెట్టింది తుపాకి. తర్వాత వచ్చింది కుంపిణీ ఉత్తర్వు. 1799 అక్టోబర్ 16న కయత్తారులో కట్టబొమ్మన్‌ను ఉరితీశారు. 1801లో పాళెగాళ్ల తిరుగుబాటు అణచినాక, డిసెంబర్ 1న మద్రాసు గవర్నర్ ఎడ్వర్డ్ క్లైవ్ జనం ఆయుధాలు ఉంచుకోరాదని చాటించాడు. అడిగేవాడు లేని పనిని కొడుక్కు ఎవరు నేర్పుతారు? నల్లమల చెంచులకు విల్లు అంటే వేట, తిండి. అందుకే వాళ్ల చేతుల్లో నిలిచింది.

మాట నోట నిలుస్తుంది, పని మాత్రం చేతి నుంచి చేతికే పోవాల. అడవి చెట్టు నరకరాదు, అది చట్టం. మన తోటల వెదురు చాలు. బండ్లు, నాగళ్లు చేసిన పెద్దలు ఇంకా మన మధ్య ఉన్నారు. ఈ సంక్రాంతి ఆటల్లో ఒక పూట వాళ్ల పక్కన పిల్లల్ని కూర్చోబెడదామా? మొదట నేనే వచ్చి కూర్చుంటా.