బలి

'బలి' యనఁగానే నేఁడు మనకుఁ గత్తియు నెత్తురును స్ఫురించును గాని, యీ సంస్కృతశబ్దమునకుఁ గప్పము, కానుక, నైవేద్యము అనునవియుఁ బ్రాచీనార్థములే. లుంబినీ స్తంభశాసనమున అశోకుఁడు ఆ గ్రామమును 'బలి'నుండి విడిపించితినని చెప్పుకొన్నది పన్నును గూర్చియే. గృహస్థుఁడు కాకులకుఁ బెట్టు అన్నపుముద్దయు బలియే. ఆలయమున ధ్వజస్తంభము చెంత నుండు బలిపీఠమునకు నా పేరు వచ్చినదియు నిట్టి యన్నబలి వలననే.

తెలుగు బైబిలు అనువాదకులు లేవీయకాండమునందలి యర్పణములకు దహనబలి, సమాధానబలి, అపరాధపరిహారార్థబలి యని పేరులు గూర్చి, ధాన్యార్పణమునకు మాత్రము నైవేద్యమను మాటను గ్రహించిరి. కతోలికుల యారాధన నేఁటికిని దివ్యబలిపూజయే. హెబ్రీభాషలో నర్పణమునకుఁ బేరైన 'కొర్బాన్' దగ్గఱకుఁ జేరుట యను నర్థముగల ధాతువునుండి పుట్టినది.

క్రీస్తు సిలువమరణముతోఁ బశుబలుల యావశ్యకత తీరెనని క్రైస్తవవిశ్వాసము. అటుపై నర్పింపవలసినది మనుష్యుని బ్రదుకే గనుక, రోమీయులకు వ్రాసిన పత్రిక 12వ అధ్యాయమునఁ బౌలు శరీరమునే సజీవయాగముగా సమర్పింపుఁడని వేఁడెను. కొరింథీయులకు వ్రాయుచు, తినుటయుఁ ద్రాగుటయు సైతము దేవుని మహిమకొఱకే కావలెననెను.

ఇందుకు దృష్టాంతముగా మన తెలుగు సంఘములలో నిల్లాలు ఎసటఁ బోయఁబోవు బియ్యమునుండి పిడికెఁడు తీసి వేఱొక కుండలో నుంచి, ఆదివారము గుడికిఁ దెచ్చి యర్పించు నాచారము కలదు. అది తిని మిగిలినది కాదు, వండకమున్నే తీసినది. ఆ పిడికెటితో నామె తన బ్రదుకునే యర్పించుచున్నది. పశుబలిలో నిచ్చువాఁడు వేఱు, ఇయ్యఁబడునది వేఱు. సజీవయాగమున రెండును నొక్కటే.