కాలువ గట్టున పెద్దరికం: కుందూరు జానారెడ్డి రాజకీయ ప్రస్థానం, నాగార్జునసాగర్ నియోజకవర్గం

1983 నుంచి 2014 దాకా ఒకే నియోజకవర్గంలో ఎనిమిదిసార్లు పోటీ చేసి ఏడుసార్లు గెలిచిన నాయకుడు, ఆ తర్వాత మూడేళ్ల వ్యవధిలోనే అదే చోట తండ్రి చేతిలో ఒకసారి, కొడుకు చేతిలో మరోసారి ఓడిపోయారు. 2018 డిసెంబరులో నోముల నర్సింహయ్య చేతిలో 7,771 ఓట్లతో, 2021 ఉప ఎన్నికలో నోముల భగత్ చేతిలో 18,872 ఓట్లతో. కుందూరు జానారెడ్డి గురించి వచ్చిన రాతల్లో ఎక్కువ భాగం ఆ ఏడు గెలుపుల దగ్గరే ఆగిపోతాయి. ఆ రెండు ఓటములను వయసుకో, అధికార పక్షం ధనబలానికో వదిలేస్తాయి. ఏడు గెలుపులకూ రెండు ఓటములకూ మూలం ఒక్కటేనని ఈ వ్యాసం వాదన. ఆయన ఆయుధం పార్టీ కాదు, ప్రసంగమూ కాదు. ఇరుపక్షాల నడుమ కూర్చుని మాట నడిపే పెద్దమనిషితనం. ఆ పెద్దమనిషితనానికి పనిపడినంతకాలం నియోజకవర్గం ఆయన వెంట నడిచింది. పని తగ్గాక అది గౌరవంగా మిగిలింది కానీ ఓటుగా మారలేదు.

నేల తీరు

నాగార్జునసాగర్ నియోజకవర్గాన్ని కులాల లెక్కతో చదవడానికి ముందు నీటి లెక్కతో చదవాలి. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన సాగర్ నుంచి 1967 ఆగస్టులో కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువకు లాల్ బహదూర్ శాస్త్రి పేరు పెట్టారు. పెద్దవూర, హాలియా, నిడమనూరు మీదుగా మిర్యాలగూడ వైపు సాగే ఆ కాలువ ఈ ప్రాంతాన్ని రెండుగా చీల్చింది. దిగువన నిడమనూరు, త్రిపురారం పల్లెలు వరి మడులయ్యాయి. ధాన్యం వెంట వ్యాపారం వచ్చింది, మిర్యాలగూడలో రైస్ మిల్లులు వరుసకట్టాయి. మిర్యాలగూడ నుంచి సాగర్ వెళ్లే దారిలో ఉన్న హాలియా అనుముల మండల కేంద్రంగా, తర్వాత మున్సిపాలిటీగా పెరిగింది. ఎగువన మాత్రం గుర్రంపోడు మెట్ట చేలు, తిరుమలగిరి (సాగర్) మండలంలోని లంబాడా తండాలు. జలాశయం కంటికి కనిపిస్తుంది కానీ నీళ్లు గట్టెక్కవు. ఇంత పెద్ద ఆనకట్ట ఒడిలో ఉండి వానదేవుడి దయ మీద బతకడం ఇక్కడి రాజకీయాలకు శాశ్వతమైన ఫిర్యాదు. ప్రతి ఎన్నికకూ ఒక ఎత్తిపోతల వాగ్దానం పుట్టడం అందువల్లే.

ఇలాంటి చోట ప్రజాప్రతినిధి అసలు పని చట్టం చేయడం కాదు. ఏ తూముకు ముందు నీళ్లు వదలాలి, చివరి భూములకు ఎప్పుడు అందాలి, ఇంజినీరుకు ఎవరు చెప్పాలి అన్నవే రోజువారీ పంచాయితీలు. పై రైతుకూ కింది రైతుకూ మధ్య ఇద్దరూ మాట వినే మనిషి ఒకరు కావాలి. అనుములలో 1946 జూన్ 20న పుట్టిన జానారెడ్డి రాజకీయ స్వభావాన్ని ఈ నేల తీర్చిందనడం అతిశయోక్తి కాదు.

పార్టీలు మారినా మారనిది

1983లో తెలుగుదేశం అభ్యర్థిగా అప్పటి చలకుర్తి నియోజకవర్గం నుంచి తొలిసారి శాసనసభకు వెళ్లారు. 1985లో మళ్లీ గెలిచారు, ఎన్టీఆర్ మంత్రివర్గంలో పనిచేశారు. 1988లో ఎన్టీఆర్‌తో పొసగక కె.ఇ. కృష్ణమూర్తి, వసంత నాగేశ్వరరావులతో కలిసి తెలుగు మహానాడు పెట్టి, ఆ తర్వాత కాంగ్రెస్‌లో చేరారు. 1989లో కాంగ్రెస్ టికెట్ మీద అదే చలకుర్తిలో గెలిచారు. గుర్తు మారినా నియోజకవర్గం చెక్కుచెదరలేదు. ఓటరు సైకిల్‌నో చెయ్యినో కాక మనిషిని చూశాడని దీనికి సులువైన వివరణ. అందులో నిజం సగమే. 1989లో రాష్ట్రమంతటా కాంగ్రెస్ గాలి వీచింది. గాలి తిరిగిన 1994లో తెలుగుదేశం అభ్యర్థి గుండెబోయిన రామ్మూర్తి యాదవ్ చేతిలో ఆయన ఓడిపోయారు. అంటే వ్యక్తిబలం పార్టీ గాలికి తోడయినప్పుడు గట్టిగా పనిచేసింది, ఎదురయినప్పుడు నిలవలేదు. 1999, 2004, 2009, 2014 గెలుపులతో ఈ సంగతి మరుగున పడింది. అయితే 1999లో, 2014లో రాష్ట్రంలో అధికారం ఆయన పార్టీకి రాలేదు, అయినా ఆయన గెలిచారు. కాబట్టి గాలి ఒక్కదానితోనూ లెక్క తేలదు.

శాసనసభ్యుడయ్యాక ఆయన మూడుసార్లు ఓడిపోతే ముగ్గురు విజేతలూ యాదవులే: రామ్మూర్తి, నర్సింహయ్య, భగత్. దీన్ని పట్టుకుని కుల సిద్ధాంతం అల్లడం తేలిక. కానీ 2014లో ఇదే నర్సింహయ్య మీద జానారెడ్డి 16 వేలకు పైగా ఓట్లతో గెలిచారు. ఎదురుగా యాదవ అభ్యర్థి ఉండటమే కారణమైతే ఆ గెలుపు సాధ్యమయ్యేది కాదు. వెనుకబడిన కులాల ఓటు ఒక్కటిగా కూడటానికి ఇంకేదో తోడవ్వాలి. అదేమిటో 2018 దగ్గర చూద్దాం.

చర్చల బల్ల

2004 మే నెలలో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వంలో జానారెడ్డి హోంమంత్రి అయ్యారు. ఆయన జీవితంలో అతి ముఖ్యమైన ఘట్టం ఇదేనని నా అభిప్రాయం. ఎన్నేళ్లు మంత్రిగా ఉన్నారన్న రికార్డుల కంటే చరిత్రలో దీనికే ఎక్కువ చోటు దక్కాలి. నక్సలైట్ సంస్థ పీపుల్స్ వార్ మీద నిషేధాన్ని ఆ జులైలో ప్రభుత్వం పొడిగించలేదు. ఎస్.ఆర్. శంకరన్, కె.జి. కన్నబిరాన్, పొత్తూరి వెంకటేశ్వరరావు, హరగోపాల్ వంటివారు మధ్యవర్తులుగా ఉండగా, అక్టోబరులో పీపుల్స్ వార్‌కు చెందిన రామకృష్ణ తదితర నాయకులు నల్లమల నుంచి బయటికి వచ్చి హైదరాబాద్ చేరుకున్నారు. అప్పటికే పీపుల్స్ వార్, ఎం.సి.సి. కలిసి మావోయిస్టు పార్టీగా ఏర్పడ్డాయి. మరో నక్సలైట్ సంస్థ జనశక్తి ప్రతినిధులు కూడా వచ్చారు. అక్టోబరు 15 నుంచి 18 వరకు నాలుగు రోజులు చర్చలు జరిగాయి. ప్రభుత్వం తరఫున బల్లకు ఇవతల కూర్చున్న బృందానికి జానారెడ్డి నాయకుడు.

నక్సలైట్ ఉద్యమాన్ని కేవలం పోలీసు సమస్యగా చూసే హోంశాఖకు, భూమి గురించి అడవి నుంచి వచ్చినవాళ్లతో ఎదురెదురుగా కూర్చుని మాట్లాడటం అలవాటు లేని పని. సాయుధ పోరాటపు జ్ఞాపకం ఇంకా చల్లారని నల్లగొండ జిల్లా నుంచి వచ్చిన మంత్రికి ఆ భూమి ప్రశ్న కొత్తది కాదు. నకిరేకల్‌లో ఆరుసార్లు గెలిచిన నర్రా రాఘవరెడ్డి వంటి కమ్యూనిస్టులు శాసనసభలో ఆ ప్రశ్న వేస్తుండగా చూసినవాడాయన. అయినా భూపంపిణీ, ఆయుధాలతో ఊళ్లలో తిరగడం అన్న రెండు అంశాల దగ్గర మాట ముందుకు సాగలేదు. రెండో విడత చర్చలు జరగనేలేదు. ఎదురుకాల్పులు మళ్లీ మొదలై, 2005 జనవరిలో మావోయిస్టులు చర్చల నుంచి తప్పుకున్నారు. 2005 ఆగస్టు 15న నారాయణపేటలో మక్తల్ శాసనసభ్యుడు చిట్టెం నర్సిరెడ్డిని, ఆయన కొడుకును, మరికొందరిని కాల్చి చంపారు. రెండు రోజులకే నిషేధం తిరిగి వచ్చింది. చర్చలు నడిపిన హోంమంత్రే నిషేధపు హోంమంత్రి కూడా అయ్యారు.

మధ్యవర్తికి ఎదుటివాడు నమ్మాల్సింది తనను మాత్రమే కాదు, తన వెనుక ఉన్నవాళ్లను కూడా. ఊళ్లో పెద్దమనిషి మాట చెల్లేది అతని వెనుక తుపాకీ ఉన్న యంత్రాంగం లేనందువల్ల. హోంమంత్రి వెనుక అది ఉంది. ఈ తేడాను 2004 చర్చల మీద వచ్చిన విశ్లేషణలు తగినంతగా పట్టించుకోలేదు. ఇరుపక్షాల చిత్తశుద్ధి మీదే వాదులాడాయి.

ఉద్యమంలో నడిమి కుర్చీ

2009 డిసెంబరు 9న తెలంగాణ ఏర్పాటుపై కేంద్ర హోంమంత్రి చిదంబరం ప్రకటన, 23న దానికి సవరణ వచ్చాయి. మరునాడే కోదండరామ్ కన్వీనరుగా రాజకీయ జేఏసీ పుట్టింది. దాని ఏర్పాటులో తన చొరవ ఉందని జానారెడ్డి తర్వాత చాలాసార్లు చెప్పుకున్నారు. టీఆర్ఎస్, కాంగ్రెస్ ఒకే గొడుగు కింద నిలబడాలంటే రెండువైపులా మాట్లాడగల మనిషి అవసరమైన సందర్భమది. 2010 చివర్లో కిరణ్‌కుమార్ రెడ్డి మంత్రివర్గంలో పంచాయతీరాజ్ శాఖ తీసుకుని, 2011 జులైలో తెలంగాణ కాంగ్రెస్ ప్రజాప్రతినిధుల మూకుమ్మడి రాజీనామాల్లో ముందు నిలిచారు. రాజీనామాలు ఆమోదం పొందలేదు, ఆయన మంత్రిగానే కొనసాగారు. ఉద్యమకారులు ఆయన్ను అనుమానించడానికీ అధిష్ఠానం ఆయన్ను నమ్మడానికీ కారణం ఒక్కటే: ఇరుపక్షాల నడుమ కూర్చునే ఆ తీరు.

తెలంగాణ వచ్చాక ఈ లక్షణం బరువైంది. 21 మంది సభ్యులతో ప్రతిపక్ష నాయకుడైన జానారెడ్డి, ఒక్కొక్కరే అధికార పక్షంలోకి జారిపోతుంటే సభామర్యాద వదలకుండా మాట్లాడారు. జీహెచ్ఎంసీ పెట్టే 5 రూపాయల భోజనం తెప్పించుకుని తిని, బాగుందని మెచ్చుకున్నారు. మనిషిగా అది పెద్ద మనసే. కానీ ప్రతిపక్షం కోపాన్ని కూడా ప్రాతినిధ్యం చేయాలి. ఆయన మెచ్చుకోలును అధికార పక్షం ప్రచారానికి వాడుకుంది.

2018: మధ్యవర్తి అవసరం తగ్గిన ఓటరు

నోముల నర్సింహయ్య సాగర్‌కు రావడం వెనుక నియోజకవర్గాల పునర్విభజన ఉంది. నకిరేకల్ దగ్గరి పాలెంలో పుట్టిన న్యాయవాది, విద్యార్థి ఉద్యమం నుంచి ఎదిగినవాడు, 1999, 2004 ఎన్నికల్లో సీపీఎం తరఫున నకిరేకల్ నుంచి గెలిచి శాసనసభలో ఆ పార్టీ పక్ష నాయకుడిగా గట్టిగా వినిపించిన గొంతు. 2009లో నకిరేకల్ ఎస్సీ రిజర్వుడు అయింది. చలకుర్తి అదే ఏడు నాగార్జునసాగర్‌గా మారింది. సొంత సీటు పోయిన నర్సింహయ్య భువనగిరి లోక్‌సభకు పోటీ చేసి ఓడిపోయి, 2014లో టీఆర్ఎస్‌లో చేరి సాగర్‌కు వచ్చారు.

2014లో ఓడిన మనిషి 2018లో ఎలా గెలిచాడు? ఈ నాలుగేళ్లలో ప్రభుత్వానికీ ఇంటికీ మధ్య దారి మారింది. 2017 జూన్‌లో మొదలైన గొర్రెల పంపిణీ కింద గొల్ల, కురుమ కుటుంబానికి 75 శాతం సబ్సిడీతో 20 గొర్రెలు, ఒక పొట్టేలు వచ్చాయి. 2018 మేలో మొదలైన రైతుబంధు ఎకరానికి పంటకు 4 వేల రూపాయల చొప్పున మొదట చెక్కుగా, తర్వాత నేరుగా బ్యాంకు ఖాతాలోకి చేరింది. వీటిలో అక్రమాల మీద ఆరోపణలు లేకపోలేదు, ఆ చర్చ వేరు. ఇక్కడ గమనించాల్సింది, ఈ డబ్బుకు ఎమ్మెల్యే సిఫారసు అక్కర్లేదు. పెద్దమనిషి గుమ్మం ముందు నిలబడాల్సిన పని తగ్గింది. గొర్రెల కాపరి ఇంటికి నేరుగా వచ్చిన పథకం, ఆ కులానికే చెందిన అభ్యర్థి, రాష్ట్రంలో 88 సీట్లు తెచ్చిన గాలి, మూడూ ఒకచోట కలిశాయి. 2014లో ఈ మూడింటిలో మొదటిది లేదు.

2020 డిసెంబరు 1న నర్సింహయ్య మరణించారు. ఉప ఎన్నికకు ముందు, 2021 ఫిబ్రవరి 10న ముఖ్యమంత్రి కేసీఆర్ నెల్లికల్లు ఎత్తిపోతలకు శంకుస్థాపన చేసి హాలియాలో సభ పెట్టారు. కరోనా రెండో ఉద్ధృతి నడుమ ఏప్రిల్ 14న మళ్లీ హాలియాకే వచ్చారు. 17న పోలింగ్. ముఖ్యమంత్రి రెండుసార్లు ఒకే చిన్న పట్టణానికి రావడం జానారెడ్డి బలానికి ఒప్పుకోలు కూడా. కానీ ఎత్తిపోతల అనగానే, ఇన్నేళ్లూ మంత్రిగా ఉండి ఎందుకు చేయలేదన్న ప్రశ్న ఆయన వైపే తిరిగింది. ఆయన దీర్ఘకాలపు పదవులు ఎదురు సాక్ష్యమయ్యాయి.

వారసులు, కొత్త పంచాయితీలు

2023లో చిన్న కొడుకు జైవీర్ రెడ్డి అదే భగత్ మీద 55,849 ఓట్లతో గెలిచారు. తండ్రికి ఎప్పుడూ రానంత మెజారిటీ. ఇది కుటుంబ ప్రతిష్ఠ తిరిగి వచ్చిందనడానికి రుజువు కాదు. ఉమ్మడి నల్లగొండలోని 12 స్థానాల్లో 11 కాంగ్రెస్‌కు దక్కిన ఎన్నిక అది. 2024లో పెద్ద కొడుకు రఘువీర్ రెడ్డి నల్లగొండ లోక్‌సభ స్థానాన్ని 5,59,905 ఓట్ల మెజారిటీతో గెలిచారు.

జానారెడ్డి మాత్రం పాత పనిలోనే ఉన్నారు. 2023 ఎన్నికల ముందు కాంగ్రెస్ అసమ్మతులను బుజ్జగించే నలుగురి కమిటీకి ఆయనే పెద్ద. 2025 ఏప్రిల్‌లో మావోయిస్టులతో శాంతి చర్చల కోసం పౌర ప్రముఖులు ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డిని కలిసినప్పుడు, ముఖ్యమంత్రి సలహా కోసం వెళ్లింది జానారెడ్డి ఇంటికే. 2004 నాటి అనుభవానికి ఇరవై ఏళ్ల తర్వాత కూడా ఇంత విలువ ఉండటం చూస్తే, ఆ చర్చలు విఫలమయ్యాయన్న తీర్పును మళ్లీ పరిశీలించాలనిపిస్తుంది.

అదే నెలలో మంత్రివర్గ విస్తరణ గొడవ వచ్చింది. రంగారెడ్డి, హైదరాబాద్ జిల్లాలకు చోటివ్వాలని జానారెడ్డి అధిష్ఠానానికి లేఖ రాయగా, తనకు మంత్రి పదవి రాకుండా అడ్డుపడుతున్నారని మునుగోడు ఎమ్మెల్యే కోమటిరెడ్డి రాజగోపాల్ రెడ్డి ఆయన్ను ధృతరాష్ట్రుడితో పోల్చారు. లేఖ న్యాయమైనదా కాదా అన్నది పక్కన పెడితే, ఆ పోలిక ఎక్కడ తగులుతుందో మహాభారతం తెలిసినవారికి చెప్పనక్కర్లేదు: ఒక కొడుకు ఎమ్మెల్యే, ఇంకో కొడుకు ఎంపీ. ఇరవై ఏళ్ల కిందట అడవి నుంచి వచ్చినవాళ్లు కూడా ఎదురుగా కూర్చుని మాట్లాడిన మనిషిని, ఇప్పుడు సొంత పార్టీ సహచరుడే తగాదాలో ఒక పక్షంగా లెక్కగట్టాడు.