తోటపనికి రెండు పట్టాలు

తోటల చరిత్ర రాసేవాళ్లు రాజుల పేర్లూ, సూపరింటెండెంట్ల పేర్లూ రాస్తారు. మొక్క నాటినవాడు పని ఎక్కడ నేర్చాడు, ఆ నేర్పుకు విలువ ఎవరు కట్టారు అని అడగరు. మేం అడగదలచింది అదే.

ఇంగ్లండులో తోటపని చాలాకాలం అప్రెంటిస్‌షిప్పుతోనే వచ్చింది. కుర్రవాడు పెద్దతోటలో చేరి, కుండీలు కడిగి, ఫోర్‌మన్ అయి, చివరకు హెడ్ గార్డెనర్ అయ్యేవాడు. సామాన్య వ్యవసాయ కుటుంబంలో పుట్టిన జోసెఫ్ పాక్స్‌టన్ 1826లో, చిన్న వయసులోనే, చాట్స్‌వర్త్ తోటకు పెద్ద అయ్యాడు. 1851 నాటి క్రిస్టల్ ప్యాలెస్ నమూనా ఆయనదే. 1854లో పార్లమెంటుకూ వెళ్లాడు. అక్కడ వర్గం లేదని కాదు. నిచ్చెనకు మెట్లున్నాయంటున్నాం, అంతే.

ఇక బెంగుళూరు లాల్‌బాగ్ చూద్దాం. 1760లో హైదరలీ మొదలుపెట్టిన తోట. కరగ జరిపే తిగళులకు దానితో తరాల సంబంధం. అంటు కట్టడం, నారు పోయడం, నీటి తడి కనిపెట్టడం తండ్రి చేతినుంచి కొడుకు చేతికొచ్చిన విద్య. (తల్లి చేతినుంచి కూడా. ఆ సంగతి ఎవరూ రాయరు.) కాని దానికి కులవృత్తి అని పేరు పెట్టారు. కులవృత్తికి సర్టిఫికెట్టూ లేదు, ప్రమోషనూ లేదు. విలువంతా లండన్ క్యూ తోటలో చేసిన పనికే. అక్కడ పనిచేసిన జర్మన్ క్రుంబిగల్ 1893లో బరోడాకు, 1908లో మైసూరుకు వచ్చి అధికారి అయ్యాడు. సమర్థుడే, కాదనం. అయితే ఆయనదీ చేతిపనితో వచ్చిన విద్యే గదా! ఒకరి చేతిపని చదువైంది, ఇంకొకరిది కులమైంది.

1961లో అప్రెంటిస్ చట్టం వచ్చింది. అందులో ఎస్సీ, ఎస్టీలకు శిక్షణ స్థానాలు కేటాయించే సెక్షను 1973లో గాని చేరలేదు. కర్ణాటక ఉద్యానశాఖ ఇచ్చే పదినెలల శిక్షణ 'రైతుల పిల్లలకు'. తల్లిదండ్రుల పేర భూమి ఉండాలి, పహాణీ జతచేయాలి అని ప్రకటనల్లో షరతు. రైతుబిడ్డ సొంత తోటకోసం నేర్చుకుంటాడనుకుందాం. కాని పార్కుల్లో, బంగళాల్లో ఇంకొకరి తోట పెంచి బతికేవాడికి సొంత పొలం దేనికి? చదువు పట్టా కావాలంటే ముందు భూమి పట్టా చూపించాలి. భూమి ఎవరికి లేకుండా చేశారో ఈ పాఠకులకు చెప్పనక్కర్లేదు.

2015లో మొదలైన కౌశల్ వికాస్ యోజనలో పాత అనుభవాన్ని పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతి పెట్టారు. కడియం నర్సరీల్లో ఏళ్ల తరబడి అంట్లు కడుతున్న కూలీల్లో అది ఎందరికి అందింది, ఏయే కులాలవాళ్లకు అందింది? ఆ లెక్క ఊరూరా మనమే తీయాలి.